ప్రాగ్‌లో మొదటి రోజు ఏమీ చూడొద్దు

యూరప్‌కు మొదటిసారి ఒక్కరే వెళ్లేవాళ్ల ప్లాన్లలో మొదటి రోజు దాదాపు ఒకేలా ఉంటుంది. చెక్ రిపబ్లిక్ రాజధాని ప్రాగ్ అయితే ఇలా: పదకొండింటికి విమానం దిగడం, ఒంటిగంటకు గదిలో సామాను పడేయడం, రెండింటికి ఓల్డ్ టౌన్ స్క్వేర్, మూడింటికి ఖగోళ గడియారం, నాలుగింటికి చార్లెస్ వంతెన, పొద్దుగూకేసరికి కోట. అంత డబ్బు పోసి వెళ్తున్నాం, ఒక్క పూట కూడా వృథా కాకూడదన్న లెక్క. ఆ లెక్క తప్పంటాను. మొదటి రోజంతా ఆ ఊళ్లో మసలడం నేర్చుకోవడానికే పెట్టాలి. గడియారమూ వంతెనా రెండో రోజు దాకా ఎక్కడికీ పోవు. ఒకటి 1410 నుంచి అక్కడే ఉంది, ఇంకొకటి కట్టడం 1357లో మొదలైంది.

అలసట ఒక్కటే కారణమైతే ఇంత చెప్పక్కర్లేదు, కాఫీ తాగి తిరగొచ్చు. అసలు సంగతి డబ్బు. ప్రాగ్‌లో కొట్టి లాక్కునేవాళ్ల భయం తక్కువ. కొత్తవాళ్ల చేత వాళ్లంతట వాళ్లే ఎక్కువ ఇచ్చేలా చేసే ఏర్పాట్లు మాత్రం దండిగా ఉన్నాయి. అవి కూడా ఊరంతా పరుచుకుని లేవు. మూస్తెక్ మెట్రో స్టేషన్, ఓల్డ్ టౌన్ స్క్వేర్, చార్లెస్ వంతెన, ఈ మూడింటి మధ్య ఉన్న కాస్త జాగాలోనే కిక్కిరిసి ఉంటాయి. వాటికి సులువుగా దొరికేది ఆ రోజే దిగిన మనిషి. అక్కడి డబ్బు కొరునా, వంద కొరునాలంటే ఎంతో ఇంకా మనసుకు ఎక్కి ఉండదు, రాత్రి నిద్ర ఉండదు, పక్కన "ఆగు, ముందు బిల్లు చూడు" అనే తోడు ఉండదు. నలుగురు కలిసి వెళ్తే ఆ నలుగురిలో ఒకరైనా బిల్లు చదువుతారు. ఒక్కరే వెళ్లినప్పుడు ఆ ఒక్కరికీ నిద్ర వస్తోంటే ఇంక చదివేవాళ్లు లేనట్టే.

ఇక వరసగా వస్తాను. హైదరాబాద్ నుంచి ప్రాగ్‌కు నేరుగా విమానం లేదు. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వెళ్తే ఇమిగ్రేషన్ అక్కడే అయిపోతుంది, ప్రాగ్‌లో దేశంలోపలి ప్రయాణికుల్లా టెర్మినల్ 2లో దిగి బయటికి నడుస్తారు. దుబాయ్, దోహాల మీదుగా వెళ్తే ప్రాగ్‌లోనే, టెర్మినల్ 1లో. ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, 2025 అక్టోబరు 12 నుంచి షెంగెన్ (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి) సరిహద్దుల్లో వేలిముద్రలు, ఫొటో తీసుకునే కొత్త పద్ధతి మొదలైంది. మొదటిసారి వెళ్లేవాళ్ల దగ్గర అవి తీసుకోవడానికి టైం పడుతుంది, క్యూ నెమ్మదిగా కదులుతుంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో గంటన్నర వ్యవధి ఉన్న కనెక్షన్ టికెట్ చవగ్గా కనిపించినా తీసుకోవద్దు, మూడు గంటలు ఉండాలి. తిరుగు టికెట్, హోటల్ బుకింగ్, కనీసం 30,000 యూరోల కవరేజి ఉన్న ఇన్సూరెన్సు, ఈ మూడూ కాగితం మీద, చేతిసంచీలో ఉండాలి. చెకిన్ సామానులో పెట్టిన కాగితం ఇమిగ్రేషన్ కౌంటరు దగ్గర దేనికీ పనికిరాదు.

బయటికి వచ్చే ముందు టాయిలెట్‌కు వెళ్లి రండి. చిన్న మాటే. కానీ ఒంటరి ప్రయాణంలో పెద్ద సూట్‌కేసు చూసుకునేవాళ్లు ఉండరు, ఊళ్లో టాయిలెట్లు చాలావరకు డబ్బు కట్టి వెళ్లేవి, ఇరుగ్గా ఉంటాయి, కొన్నిచోట్ల చిల్లర నాణేలే తీసుకుంటారు. మీ దగ్గర ఇంకా నాణేలు లేవు.

విమానాశ్రయంలో డబ్బు మార్చకండి. మార్చాల్సిన అవసరం కూడా లేదు, టికెట్ మిషన్ కార్డు తీసుకుంటుంది. ఇక్కడ టికెట్లు దూరాన్ని బట్టి కాకుండా కాలాన్ని బట్టి ఉంటాయి: 30 నిమిషాలు, 90 నిమిషాలు, 24 గంటలు, 72 గంటలు. మెట్రో, ట్రామ్, బస్సు అన్నిటికీ ఒకటే టికెట్. మొదటి రోజుకు 24 గంటలదే కొనండి, ఎందుకో తర్వాత చెప్తాను. 59 నంబరు ట్రాలీబస్ ఎక్కితే నాద్రాజీ వెలెస్లావీన్ అనే స్టేషన్ దగ్గర దింపుతుంది, అక్కడ నుంచి పచ్చరంగు ఎ లైన్ మెట్రో ఊరి నడిబొడ్డుకు వెళ్తుంది. పాత బ్లాగుల్లో 119 నంబరు బస్సు అని రాసి ఉంటుంది. 2024లో దాని స్థానంలోనే ఈ ట్రాలీబస్ వచ్చింది, స్టాండులో 119 కోసం వెతుక్కోవద్దు.

మనవాళ్లు దెబ్బతినే మొదటి చోటు ఈ టికెట్టే. మిషన్ ఇచ్చిన కాగితం టికెట్ దానంతట అది చెల్లదు. బస్సులో, లేదా మెట్రో మెట్ల దగ్గర ఉండే చిన్న పసుపు పెట్టెలో పెట్టి ముద్ర వేయించుకోవాలి. ఒక్కసారే. బస్సు మారినప్పుడల్లా మళ్లీ వేయిస్తే టికెట్ పాడైపోతుంది. హైదరాబాద్ మెట్రోలో టికెట్ లేకపోతే గేటే ఆపుతుంది. ప్రాగ్ మెట్రోలో గేట్లు లేవు, ఎవరూ ఆపరు, దిగి రైలెక్కి పోవచ్చు. మామూలు బట్టల్లో ఉన్న తనిఖీవాళ్లు బ్యాడ్జి చూపించి అడిగినప్పుడు ముద్ర లేని టికెట్‌కూ టికెట్ లేకపోవడానికీ తేడా ఉండదు. జరిమానా మన డబ్బులో వేలల్లో ఉంటుంది, "కొత్తవాణ్ణి, తెలియదు" అంటే వినరు. ఆ పసుపు పెట్టెల వరస దాటాక టికెట్ లేకుండా నిలబడి ఉన్నా లెక్కలోకి వస్తుంది. ట్రాముల్లో కార్డు తాకించి కొనే నారింజ రంగు యంత్రాలున్నాయి. అందులో వచ్చే టికెట్ మీద ముద్ర ముందే పడి ఉంటుంది, అది మళ్లీ పసుపు పెట్టెలో పెట్టనక్కర్లేదు. పీఐడీ లీతాచ్కా అనే యాప్‌లో కూడా కొనొచ్చు గానీ, నొక్కిన వెంటనే కాకుండా కాసేపటికి అమల్లోకి వస్తుంది. అందుకని ఎక్కకముందే నొక్కాలి. తనిఖీవాళ్లు కనిపించాక నొక్కితే లాభం లేదు.

యాప్ అన్నాను కాబట్టి ఓటీపీ సంగతి. దిగగానే ఈ-సిమ్ పెట్టుకుని ఇంటర్నెట్ వచ్చేసిందని నిశ్చింతగా ఉంటారు. యాప్‌లో టికెట్ కొనబోతే మన బ్యాంకు ఓటీపీని ఇండియా నంబరుకు పంపుతుంది, ఆ సిమ్‌కు రోమింగ్ ఆన్ చేసి ఉండదు. ఇండియా సిమ్‌ను తీసేయకుండా, ఎస్ఎంఎస్‌లు అందేలా రోమింగ్ ఆన్ చేసి, డేటా మాత్రం ఆపి ఉంచాలి. కార్డులో విదేశీ లావాదేవీలు తెరవడం కూడా బయల్దేరక ముందే, బ్యాంకు యాప్‌లో చేసుకోవాలి. 2020 తర్వాత ఇచ్చిన కార్డుల్లో అది మామూలుగా మూసే ఉంటుంది.

ఇంకొక పొరపాటు యూరోలు నింపిన ఫారెక్స్ కార్డు. యూరప్ కదా, యూరో కదా అనుకుంటారు. చెక్ రిపబ్లిక్‌లో యూరో లేదు, కొరునా నడుస్తుంది. కార్డులో యూరోలుండి ఖర్చు కొరునాల్లో చేస్తే ప్రతి గీకుడుకూ మార్పిడి రుసుము పడుతుంది. మన ఫారెక్స్ కార్డుల్లో చాలావాటిలో కొరునా నింపే వీలే లేదు. ప్రాగ్ ఒక్కటే చూసేవాళ్లకు విదేశీ రుసుము లేని డెబిట్ కార్డో, క్రెడిట్ కార్డో మేలు. మామూలు క్రెడిట్ కార్డుల మీద 3.5 శాతం దాకా, దానిపైన జీఎస్టీ వేస్తారు. రెండు కార్డులు తీసుకెళ్లండి, రెండూ ఒకే పర్సులో పెట్టకండి. యూపీఐని మర్చిపోండి.

కాస్త నగదు కావాలి. పబ్బుల్లో, చిన్న కొట్లలో, టాయిలెట్లకు, కొన్ని హోటళ్లలో బస రుసుముకు. దానికి బ్యాంకు సొంత ఏటీఎం వెతకండి: చెస్కా స్పోర్జితెల్నా, చెఎస్ఓబీ, కొమెర్చ్నీ బ్యాంకా. టూరిస్టు వీధుల్లో గోడ గోడకూ కనిపించే, ఏ బ్యాంకుకూ చెందని ఏటీఎంలు అలా ఉన్నాయంటేనే వాటికి గిట్టుబాటు అవుతోందని అర్థం. ఏ ఏటీఎం అయినా చివర్లో ఒక ప్రశ్న వేస్తుంది: మీ ఖాతా నుంచి ఎన్ని రూపాయలు పోతాయో ఇప్పుడే చూపించి, ఒప్పుకుంటారా అని. తెర మీద రూపాయలు కనిపించగానే మనసు కుదుటపడుతుంది, అదే దాని ఎత్తు. ఆ రేటు ఏటీఎం వాడు పెట్టుకున్నది. "మార్పిడి వద్దు" అన్న బొత్తాం నొక్కితే లావాదేవీ ఆగిపోదు, కొరునాల్లోనే జరుగుతుంది, రేటు మీ కార్డు సంస్థది వస్తుంది. దుకాణాల్లో కార్డు యంత్రం ఇదే అడిగినా కొరునాలే అనండి. 2,000 అడిగితే ఒకే నోటు రావచ్చు, దాన్ని చూసి కొట్టువాడు మొహం చిట్లిస్తాడు. 1,900 అడగండి.

నోట్లు మార్చాల్సే వస్తే, బోర్డు మీద పెద్ద అక్షరాల్లో ఉన్న రేటు కొనేదా అమ్మేదా చూడాలి, "నా నోటుకు చేతికి ఎన్ని కొరునాలిస్తారు" అని ముందే కాగితం మీద రాయించుకోవాలి. అయినా మోసపోతే చట్టం ఒక దారి పెట్టింది. 2019 ఏప్రిల్ నుంచి, 1,000 యూరోల విలువ లోపు మార్పిడిని మూడు గంటల్లోగా అదే కౌంటరులో రద్దు చేసుకోవచ్చు. రసీదు ఉండాలి. చాలామందికి ఈ సంగతి మూడో రోజు తెలుస్తుంది. వీధిలో పక్కకు వచ్చి మంచి రేటు ఇస్తానన్నవాడికి ఏ చట్టమూ వర్తించదు, వాడు చేతిలో పెట్టేవి చెక్ నోట్లే కాకపోవచ్చు. చెలామణిలో లేని వేరే దేశం నోట్లు అంటగట్టడం ఇక్కడ పాత విద్య. ఆ వెంటనే ఇద్దరు వచ్చి పోలీసులమని పర్సు చూపించమంటే ఇవ్వకండి. పోలీసులు పాస్‌పోర్టు అడగొచ్చు, పర్సులో డబ్బు లెక్కపెట్టరు. పోలీసు నంబరు 158కి ఫోన్ చేస్తానని ఫోను బయటికి తీయడమే చాలాసార్లు సరిపోతుంది.

గది విషయానికొస్తే, చిరునామాలో రెండు అంకెలుంటాయి, మధ్యలో గీత. ఇళ్ల మీద కూడా రెండు పలకలుంటాయి, ఒకటి ఎర్రది, ఒకటి నీలం. గీతకు ముందున్న అంకె ఎర్ర పలకది. అది ఆ పేటలో ఇంటికిచ్చిన రిజిస్టరు నంబరు, వీధి వరసతో సంబంధం లేదు, 1234 పక్కన 87 ఉండొచ్చు. మీకు కావాల్సింది నీలం. అద్దె ఫ్లాటు అయితే కాలింగ్‌బెల్ల పలక మీద ఫ్లాటు నంబర్లకు బదులు ఇంటిపేర్లు ఉంటాయి కాబట్టి, ఏ పేరు నొక్కాలో ఓనరును ముందే అడిగి రాసిపెట్టుకోండి. వీధిలో నెట్ పనిచేయకపోతే ఆ ఒక్క పేరు తెలియక గంట నిలబడాల్సి వస్తుంది. చెకిన్ సాధారణంగా రెండు, మూడింటికి. ముందే చేరితే హోటళ్లు సామాను ఉంచుకుంటాయి. ఫ్లాట్లలో ఆ వీలుండదు, ప్రధాన రైల్వే స్టేషన్ హ్లావ్నీ నాద్రాజీలో లాకర్లున్నాయి. ఊరి పన్ను మనిషికి రాత్రికి 50 కొరునాలు, బుకింగ్‌లో కలవకపోతే అక్కడ కట్టాలి. అది మోసం కాదు. పాస్‌పోర్టు వివరాలు రాసుకోవడమూ మోసం కాదు, విదేశీయుల రాకను పోలీసులకు తెలియజేయాల్సిన బాధ్యత బస ఇచ్చినవాళ్లది. ఫోను ఛార్జరు రెండు పిన్నులదైతే అక్కడి సాకెట్లో పడుతుంది. లాప్‌టాప్ మూడు పిన్నుల ప్లగ్గు పట్టదు, అడాప్టరు కావాలి.

ఇప్పుడు నిజమైన మొదటి రోజు పని. దగ్గర్లోని ఆల్బెర్ట్, బిల్లా, లిడ్ల్ లాంటి సూపర్‌మార్కెట్‌కు వెళ్లి అరగంట ధరలు చదవండి. కొనకపోయినా సరే. ఒక కొరునా అటూ ఇటుగా నాలుగు రూపాయలు. కానీ రూపాయల్లోకి మార్చుకుంటూ కూర్చుంటే అన్నీ ఖరీదుగానే కనిపిస్తాయి, ఏది మామూలు ఖరీదో ఏది మోసపు ఖరీదో తేడా తెలియదు. రోహ్లీక్ అనే పొడుగు బన్ను మూడు నుంచి ఐదు కొరునాలు. పెరుగు డబ్బా, అరటిపళ్లు, అర లీటరు నీళ్ల సీసా ఎంతో చూసుకుంటే, రేపు స్క్వేర్ దగ్గర అదే సీసాకు చెప్పే ధర వినగానే చెయ్యి దానంతట అదే వెనక్కి వస్తుంది. నీళ్లు అసలు కొననక్కర్లేదు, కుళాయి నీళ్లు తాగొచ్చు. ఒక హెచ్చరిక: జనవరి 1, ఈస్టర్ సోమవారం, మే 8, సెప్టెంబరు 28, అక్టోబరు 28, డిసెంబరు 25, 26 తేదీల్లో పెద్ద కొట్లు చట్టప్రకారం మూసేస్తారు. ఆ రోజుల్లో దిగేవాళ్లకు చిన్న వీధి కొట్లే గతి.

స్క్వేర్‌లో కట్టెల మంట మీద కాల్చే పంది మాంసం స్టాళ్లుంటాయి. బోర్డు మీద ధర ఫరవాలేదనిపిస్తుంది, అది 100 గ్రాములకు. వాళ్లు కోసేది 300, 400 గ్రాములు. మాంసం తినని వాళ్లకు ఈ బెడద లేదు గానీ వేరే బెడద ఉంది: "బెజ్ మసా" అంటే మాంసం లేకుండా అని. అయినా సూపులో మాంసం ఉడికించిన నీళ్లు, బంగాళాదుంపల్లో పంది కొవ్వు ఉండొచ్చు, అడిగి తీరాలి. స్మజెనీ సీర్, అంటే రొట్టె పొడి అద్ది వేయించిన చీజ్ ముక్క, దాదాపు ప్రతి పబ్బులో దొరుకుతుంది. పక్కనిచ్చే తెల్ల సాసులో గుడ్డు ఉంటుంది. టూరిస్టు హోటళ్లలో అడగకుండా బల్ల మీద పెట్టే రొట్టెల బుట్ట బిల్లులోకి వస్తుంది, వద్దనుకుంటే తాకకుండా తీసేయమనండి. పేటల్లోని మామూలు హోటళ్లలో సోమవారం నుంచి శుక్రవారం దాకా, పగలు పదకొండు నుంచి రెండు వరకు రోజువారీ మెనూ ఉంటుంది, ఉన్నవాటిలో అదే చవక. పబ్బులో బీరు గ్లాసు ఖాళీ కాగానే అడగకుండానే ఇంకొకటి వస్తుంది, బల్ల మీది చీటీలో గీత పడుతుంది. చాలనుకుంటే గ్లాసు కింది అట్ట తీసి గ్లాసు మీద పెట్టండి. టిప్పు పది శాతం దాకా. బల్ల మీద వదిలేయడం కన్నా, డబ్బిచ్చేటప్పుడు ఎంత తీసుకోమంటారో మొత్తం అంకె చెప్పడం అక్కడి తీరు.

రోడ్డు దాటడం కూడా నేర్చుకోవాల్సిందే. మనం ముందు కుడివైపు చూస్తాం, అక్కడ బండి ఎడమవైపు నుంచి వస్తుంది. జీబ్రా గీతల మీద కార్లు ఆగుతాయి, అది చూసి ట్రాము కూడా ఆగుతుందనుకోవద్దు. చెక్ చట్టంలో జీబ్రా మీద కూడా పాదచారి కన్నా ట్రాముకే ముందు హక్కు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, చేతిలో మ్యాప్‌తో పట్టాలు దాటకండి.

పొద్దుండగానే ట్రామెక్కి చివరి స్టాపు దాకా వెళ్లి రండి. 24 గంటల టికెట్ కొనమన్నది ఇందుకే. 22 నంబరు అయితే నేషనల్ థియేటర్ పక్కన నది దాటి, కోట కింది పాత పేట మాలా స్త్రానా మీదుగా మెలికలు తిరుగుతూ కోట కొండ ఎక్కి, బీలా హోరా దాకా పోతుంది. 1620 నవంబరు 8న చెక్‌ల తలరాత మార్చిన యుద్ధం జరిగిన కొండ అది. చూడొద్దన్నాను గానీ కిటికీలోంచి చూడొద్దనలేదు. ఈ ట్రాము టూరిస్టులకు ఎంత ఇష్టమో జేబుదొంగలకూ అంతే, బ్యాగు ముందుకు తెచ్చుకోండి. దిగేందుకు తలుపు మీది బొత్తాం నొక్కాలి, కొన్ని స్టాపుల్లో అడిగితేనే ఆపుతారు. తిరుగు దారిలో మీ స్టాపు పేరు, అక్కడ ఆగే పగటి నంబర్లు, రాత్రి నంబర్లు ఫొటో తీసుకోండి. మెట్రో అర్ధరాత్రి ప్రాంతంలో ఆగిపోతుంది. ఆ తర్వాత 91 నుంచి 99 దాకా నంబర్లున్న రాత్రి ట్రాములు నడుస్తాయి, అన్నీ లజార్స్కా అనే స్టాపులో కలుస్తాయి. ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లకు ఎవరైనా చెప్పగలిగిన సలహాల్లో నాకు అన్నిటికన్నా పనికొచ్చేదిగా కనిపించేది ఇదే: రాత్రి పదకొండింటికి వాడబోయే దారిని పగలు ఒకసారి నడిచి ఉండటం.

రెండు రాత్రులకే వచ్చినవాళ్ల మాటేమిటని అడగొచ్చు. ఓల్డ్ టౌన్ స్క్వేర్ నుంచి చార్లెస్ వంతెన పది నిమిషాల నడక, వంతెన పొడవు 516 మీటర్లు, అవతల దిగితే మాలా స్త్రానా, ఆ పైన కోట. పాత ప్రాగ్ అంతా తాపీగా నడిచినా ఒక రోజులో అవుతుంది. నిద్ర ఆపుకోవడానికి తిరగాలి కదా అంటే, తిరగండి, కానీ వినోహ్రాడీ అనే పేటలో. అక్కడి రీగ్రొవీ సాదీ పార్కు గడ్డి మీద కూర్చుంటే దూరంగా కోట కనిపిస్తుంది, ఎవరూ వెంటపడి ఏమీ అమ్మరు.

ఇక కాలం లెక్క. ప్రాగ్ మనకన్నా వేసవిలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు వెనక. రాత్రి ఎనిమిదిన్నరకే ఒళ్లు అర్ధరాత్రి అంటుంది. తొమ్మిది దాకా లాగి పడుకుంటే తెల్లవారుజామున నాలుగింటికి మెలకువ వస్తుంది. చాలామంది దీన్ని జబ్బులా చూసి మందులు వెతుకుతారు. చార్లెస్ వంతెన మీద పదింటికి అడుగు వేయడానికి చోటుండదు, ఆరింటికి పదిమంది కూడా ఉండరు. జూన్‌లో ఐదింటికే తెల్లారిపోతుంది. డిసెంబరులో సూర్యుడు ఎనిమిదింటికి గానీ రాడు కాబట్టి అప్పుడు ఏడున్నరకు వెళ్తే చాలు. మెట్రో ఐదింటి నుంచీ నడుస్తుంది, ఎ లైన్‌లో స్తారోమ్యెస్త్స్కా స్టేషన్‌లో దిగితే నది ఒడ్డు వెంట కొద్ది నిమిషాల నడక. దానికి కొత్త టికెట్ కూడా అక్కర్లేదు. నిన్న మధ్యాహ్నం పన్నెండున్నరకు ముద్ర వేసిన 24 గంటల టికెట్ ఈ రోజు పన్నెండున్నర దాకా చెల్లుతుంది.